తొమ్మిదో బోల్టు

సాంబయ్య కాక పోయాడని పోయిన నెలలో బెల్లంపల్లి నుంచి ఫోను వచ్చింది. ఆయన మాకు చుట్టం కాడు, మా వాడకట్టు మనిషీ కాడు. నాకు తెలిసి మా ఇంటి గడప ఒక్కసారే తొక్కాడు, అదీ మా బాపు పోయిన నాడు. అయినా ఫోను పెట్టేశాక, స్టవ్వు మీద పాలు పొంగి కిందికి కారుతున్నా లేవలేక కుర్చీలోనే కూర్చుండిపోయాను. మర్నాడు పొద్దున్నే గోదావరిఖని చౌరస్తాలో బస్సెక్కాను. గోదావరి దాటి, మంచిర్యాల దాటి, మందమర్రి దగ్గరికి వచ్చేసరికి దూరంగా ఓపెన్‌కాస్టు గనులు తవ్విపోసిన మట్టి గుట్టలు కనిపించాయి. నా చిన్నతనంలో అవి లేవు. ఇప్పుడు వాటి మీద గడ్డి మొలిచి, తుమ్మలు లేచి, ఎప్పటినుంచో ఉన్న కొండల్లాగే ఉన్నాయి. తెలియనివాళ్ళు చూస్తే కొండలే అనుకుంటారు.

ఆయన ఇంటి ముందు టెంటు వేసి ఉంది. బయట కుర్చీల్లో మగవాళ్ళు, లోపల చాప మీద ఆడవాళ్ళు. ఆయన భార్య లచ్చవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళి కూర్చోబోతుంటే తల ఎత్తి చూసింది.

"ఎవరు బిడ్డా నువ్వు? యాదికొస్తలేదు."

"ఖని నుంచి వచ్చిన అవ్వా. ఏసోబు బిడ్డను. రూతును."

"ఫిట్టర్ ఏసోబు బిడ్డవా?"

"ఔనవ్వా."

చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ ఆ పేరు తెలిసినట్టు లేదు. తెలిసిన ఒక్క మనిషి లచ్చవ్వే. చాప మీద కొంచెం పక్కకు జరిగింది. ఆ జరిగిన జాగాలో కూర్చున్నాను. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ సంగతి రాయకుండా ఆగాను. ఇప్పుడు అమ్మ లేదు, బాపు లేడు, మల్లయ్య కాక లేడు, సాంబయ్య కాక కూడా వెళ్ళిపోయాడు. లచ్చవ్వా నేనూ దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోబోము. అందుకే రాస్తున్నాను.

మాది రెండు గదుల కంపెనీ క్వార్టర్. ముందర ఇంత వాకిలి, వాకిట్లో వేపచెట్టు. తెల్లవారుతూనే అమ్మ బొగ్గు పొయ్యి బయటికి తెచ్చి, కింద పిడక ముక్క పెట్టి, పైన బొగ్గులు పేర్చి అంటించేది. లైను పొడుగునా ప్రతి వాకిట్లోనూ అదే పని. పొగంతా ఒక్కటై ఇళ్ళ మీద దుప్పటిలా కప్పుకునేది. పొగ చచ్చి నిప్పు ఎర్రబడ్డాకే పొయ్యి లోపలికి వచ్చేది. ఆ లోపు సైరన్ కూసేది, బాపు డ్యూటీకి నడిచేవాడు. తిరిగొచ్చాక స్నానం చేసేదాకా ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎర్ర సబ్బుతో మూడుసార్లు రుద్దుకున్నా కళ్ళ అంచున బొగ్గు గీత మిగిలేది. చిన్నప్పుడు నేను అది కాటుక అనుకునేదాన్ని. తలుపు పక్క మేకుకు ఆయన డ్యూటీ అంగీ వేలాడేది. దాని నుంచి చెమట, గిరీజు, తడి బొగ్గు కలిసిన వాసన ఒకటి వచ్చేది. ఇల్లంతా ఆ వాసనే. మాకది మా నాన్న ఇంట్లో ఉన్నాడని చెప్పే వాసన.

బాపు బాయిలో ఫిట్టరు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఏ మిషను మొండికేసినా ఆయన కోసం మనిషి వచ్చేవాడు. "ఏసోబు చెయ్యి వెడితే ఇనుము గూడ మాట వింటది" అని లైనులో అనుకునేవారు. మాట విషయంలో కూడా ఆయనకు అంత పేరుండేది. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆయనే. అక్షరం అక్షరం కూడబలుక్కుని, వేలు పెట్టి చదివేవాడు. పక్కింటివాళ్ళకు తగాదా వస్తే, ఏసోబు ఏమంటే అదే అని ఒప్పుకునేవారు. ఆ పేరే ఒక మనిషిని ముంచిందని నాకు చాలా కాలం తెలియదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు బాయిలో పైకప్పు బండ కూలింది. మా లైనులోనే ఉండే మల్లయ్య కాక కాలు, బొగ్గెత్తే మిషను ఇనుప రేకు కింద ఇరుక్కుపోయింది. ఆ రేకు లేపాలంటే నాలుగు బోల్టులు ఇప్పాలి. బాపే పానా పట్టాడు. మూడు వచ్చాయి, నాలుగోది తల తెగింది. దాన్ని ఉలితో కొట్టి తీసేసరికి చాలా సేపు పట్టింది. మల్లయ్య కాక బతికాడు గానీ కాలు మోకాలి దగ్గర తీసేశారు. తర్వాత ఎంక్వైరీ జరిగింది. ఆ బోల్టు ముందే పగిలి ఉందని బాపు చెప్పాడు. ఆ మిషనును వారం వారం చూసే బాధ్యత సాంబయ్య అనే ఫిట్టరుది. పగిలిన బోల్టును మార్చలేదని సాంబయ్యను నౌకరి నుంచి తీసేశారు. ఆయన క్వార్టర్ ఖాళీ చేసి బెల్లంపల్లికి పోయాడు. మా కాలనీకి తెలిసిన కథ ఇంతే. మాకు తెలిసిందీ ఇంతే.

ఆ తర్వాత బాపులో కొన్ని మార్పులు వచ్చాయి. అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు. చర్చిలో వాక్యం చదవనని పాస్టరుగారితో చెప్పాడు, చూపు ఆనడం లేదన్నాడు. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారాలు, రొట్టే ద్రాక్షరసమూ తీసుకోవడానికి ముందుకు పోకుండా, మోకాలి నొప్పి అని వెనక బెంచీలోనే కూర్చునేవాడు. కళ్ళ ముందు అంత ఘోరం చూసిన మనిషి కదా అని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆరేళ్ళు గడిచాయి. నేను ఇంటర్ అయిపోయి, టీచర్ ట్రైనింగు సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఎండలు ముదిరే కాలం. మూడు వీధుల అవతల ఒక కాంట్రాక్టరు పాత కారు, ఇంజను పట్టేసి, గోడ పక్కన పడి ఉండేది. అడ్డంగా ఉంది, కావలసినవాళ్ళు తీసుకుపొండని అతనంటే, బాపు దాన్ని లారీకి కట్టి లాగించుకొచ్చి మా వేపచెట్టు కింద నిలబెట్టాడు. అమ్మ చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఇదేంది? పాలిచ్చేదా, పెండ వెట్టేదా? ఇనుప బర్రెను తెచ్చి వాకిట్ల కట్టేసినవు."

"ఇంజను ఇప్పి చూస్త రాహేలూ. నడిస్తె నడుస్తది."

"నడిచి యాడికి వోవాలె మనం?"

బాపు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఆ ఆదివారమే పని మొదలుపెట్టాడు. ఇంజను మీద ఒక బరువైన ఇనుప దిమ్మ ఉంటుంది, దాన్ని హెడ్డు అంటారు. అది లేస్తేనే లోపల ఏం పట్టేసిందో తెలుస్తుంది. దాన్ని పది బోల్టులు పట్టుకుని ఉన్నాయి. ఏళ్ళ తరబడి వానకు తడిసి, తుప్పు పట్టి, బోల్టూ ఇనుమూ ఒకటైపోయాయి. బాపు మొదటి బోల్టుకు పానా తగిలించాడు. అప్పుడు చూశాను, ఆయన కుడి చెయ్యి వణికింది. కొద్దిగా కాదు, పానా ఇనుముకు తాకి టకటకమని చప్పుడొచ్చింది. ఆయన పానా తీసి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే చప్పుడు. నా వైపు చూడకుండానే పానా నా చేతికిచ్చాడు.

"నాకు చూపు ఆనుతలేదు బిడ్డా. నువ్వు పట్టు. నేను చెప్త."

అట్లా ఆ ఎండాకాలం నేను బోల్టులు ఇప్పడం నేర్చుకున్నాను. ముందు తీగ బ్రష్షుతో తుప్పు రాల్చాలి. తర్వాత దూదిని గాసునూనెలో ముంచి బోల్టు మొదట్లో చుట్టి పెట్టాలి, మా దగ్గర కిరసనాయిలును అట్లాగే అంటారు. ఒక పూట కాదు, రెండు రోజులు, మూడు రోజులు పెట్టాలి. ఆరితే మళ్ళీ తడపాలి. మధ్యమధ్య సుత్తితో బోల్టు తల మీద నెమ్మదిగా తట్టాలి, నూనె లోపలికి దిగడానికి. ఆ తర్వాతే పానా. అదీ ఇప్పే వైపు కాదు.

"ముందుగాల బిగించాలె" అన్నాడు బాపు.

"ఇప్పాలంటే బిగించుడేంది బాపూ?"

"జరంత. ఎంట్రుక మందం. పట్టు ఇడిసిందనుకో, నీకే ఎరుకైతది. అప్పుడు ఎనుకకు తిప్పు. రాలేదా, మళ్ళ బిగించు. గుంజద్దు. ఎన్నడు గుంజద్దు."

ఒక్కో బోల్టుకు ఒక్కో వారం పట్టేది. పట్టు వదిలేటప్పుడు బోల్టు చిన్నగా కిర్రుమనేది. ఆ చప్పుడు చెవితో కంటే అరచేతితో ముందు తెలిసేది. బాపు వచ్చిన బోల్టును గుడ్డతో తుడిచి, ఏ రంధ్రంలోదో గుర్తు తెలిసేలా ఒక అట్టముక్కకు వరుసగా గుచ్చి పెట్టేవాడు. ఆయన ముఖంలో నేను ఆరేళ్ళుగా చూడని నెమ్మది ఒకటి కనిపించేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఆడపిల్లకు పానా ఇచ్చిండేంది ఏసోబు అని నవ్వేవారు. సాయంత్రం కాగానే మల్లయ్య కాక చంకకర్ర ఊతంగా వచ్చి, వేపచెట్టు కింద స్టూలు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ మా పని చూసేవాడు. కాలు పోయాక ఆయనకు పైన ల్యాంపు రూములో, దీపాలు ఇచ్చి పుచ్చుకునే పని ఇచ్చారు. "రూతూ, నువ్వు గిట్ల నేర్చుకుంటె మీ బాపు నౌకరికి ఎసరు వస్తది సూడు" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. బాపు మాత్రం ఆయన ఉన్నంతసేపూ తల వంచుకుని అట్టముక్క మీద బోల్టులే చూసేవాడు.

ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది రాలేదు. రెండు వారాలు నూనె పెట్టినా ఎంట్రుక మందం కూడా కదలలేదు. ఆ రోజు బాపు మొదటి షిఫ్టు. పోతూ పోతూ, నేనొచ్చేదాకా దాని జోలికి పోవద్దు, నూనె మాత్రం తడుపుతుండు అని చెప్పాడు. మధ్యాహ్నం అమ్మ వెనక గదిలో బియ్యం చెరుగుతోంది. నాకు విసుగు పుట్టింది. ఎనిమిది ఇప్పినదాన్ని, ఇదొక లెక్కా అనిపించింది. బాపు వచ్చేసరికి ఇప్పి చేతిలో పెట్టి చూపించాలనిపించింది. గోడ వారన ఉన్న ఇనుప గొట్టం తెచ్చి పానాకు తొడిగాను. గొట్టం పొడుగు పెరిగిన కొద్దీ బలం పెరుగుతుందని బడిలో చదువుకున్నాను. రెండు చేతులతో పట్టుకుని, కాలు బంపరుకు తన్ని పెట్టి గుంజాను. టప్పుమంది. వెల్లకిలా పడ్డాను. లేచి చూస్తే బోల్టు తల పానాలో ఉంది, మొండెం ఇనుములో ఉండిపోయింది.

ఏడుపు రాలేదు. భయం వేసింది. బాపు కొట్టే మనిషి కాదు, ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. కానీ ఆ మూడు నెలల నెమ్మది ఆయన ముఖం నుంచి పోతుందని భయం. తెగిన చోట ఇనుము చక్కెర పలుకులా తెల్లగా మెరుస్తోంది. వేలితో ఇంత గిరీజు, ఇంత మసి తీసి దాని మీద రుద్దాను. తలను మళ్ళీ మొండెం మీద కూర్చోబెట్టాను. చేతులు కడుక్కుని గడపలో కూర్చున్నాను.

బాపు వచ్చాడు. స్నానానికి పోకుండా, రోజూ లాగే ముందు కారు దగ్గరికి వెళ్ళాడు. బోల్టు మీద చెయ్యి వేయగానే తల ఊడి ఆయన వేళ్ళల్లోకి వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. ఆయన అడగకముందే చెప్పాను.

"బాపూ, అది ముందుగాలనే పలిగి ఉంది."

ఆయన ఆ తలను బొటనవేలితో తుడిచాడు. గిరీజు పోయింది, మసి పోయింది. ఎండకు ఎత్తి చూశాడు. తెల్లగా మెరిసింది. తర్వాత కారు పక్కన నేల మీద, డ్యూటీ బట్టల మీదనే కూర్చున్నాడు. ముఖం నిండా బొగ్గు, అందులో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఈ మాట నీకు ఎవలు నేర్పిండ్రు బిడ్డా?"

"బాపూ, తప్పైంది. నేనే గుంజిన. గొట్టం వెట్టి గుంజిన."

"నిన్ను అంటలేను. గీ మాట... గీ మాటే నేను అన్న."

నాకు అర్థం కాలేదు. ఆయన నా వైపు కాకుండా చేతిలోని ఇనుప ముక్క వైపు చూస్తూ చెప్పాడు.

"మల్లన్న మొత్తుకుంటుండు. మీదికెల్లి ఇంకా మట్టి రాలుతాంది. మూడు బోల్టులు వచ్చినయ్. నాలుగోది వస్తలేదు. నూనె వెయ్యాలె, తట్టాలె, జర ఓపిక వట్టాలె. నాకు ఎరుకే. గొట్టం వెట్టి గుంజద్దని రూలు గూడ ఉంది. గుంజిన. తెగింది. అది మంచి బోల్టు బిడ్డా. పలగలే, ఏం కాలే. నేను గుంజితె తెగింది."

"మరి సాంబయ్య కాక..."

"కొత్త తెంపు తెల్లగ మెరుస్తది. పాత పలుగు లోపట నల్లగుంటది, తుప్పు వట్టి. సాంబడు ఎంక్వైరీల గదే చెప్పిండు, ఇది కొత్త తెంపు సార్ అని. నన్ను పిలిచి అడిగిండ్రు. నేను గప్పటికే గిరీజు రాసి పెట్టిన, నువ్వు రాసినట్టె. ముందుగాలనే పలిగి ఉంది సార్ అన్న. ఏసోబు అబద్ధమాడడు అన్నరు. సాంబని మాట ఎవలు ఇనలే."

"ఎందుకన్నవ్ బాపూ?"

"బుగులైంది బిడ్డా. నౌకరి పోతదని బుగులైంది. అంతే. ఇంకేం లేదు."

వెనక గడపలో చప్పుడైంది. అమ్మ చాట పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. చాట ఒక పక్కకు వంగి, బియ్యం సన్నగా నేల మీదికి జారుతున్నాయి. ఆమె చూసుకోలేదు.

ఆ సాయంత్రం మల్లయ్య కాక మామూలుగానే వచ్చాడు. ఆయన స్టూలు మీద కూర్చోకముందే బాపు ఎదురు వెళ్ళి, నిలబడి, నాకు చెప్పినదంతా ఒక్క మాట తగ్గించకుండా ఆయనకూ చెప్పాడు. నేను గడపలోనే ఉన్నాను. మల్లయ్య కాక చంకకర్ర మీద వాలి విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నా కాలు నువ్వు తియ్యలే ఏసోబూ. బండ వడ్డప్పుడే పోయిందని డాక్టరు నాతోటి చెప్పిండు. జల్ది తీసినా అది దక్కకపోవు. నన్ను బతికియ్యాలని నువ్వు గుంజినవ్. దానికి నేనేం అనను" అన్నాడు. "కని సాంబనిది ఏం పాపం? వాని పెండ్లాం పిల్లలు ఏం చేసిండ్రు? ఆరేండ్ల సంది నీ ఇంట్ల చాయ్ తాగుతున్న నేను."

"మల్లన్నా..."

"పోయి వానికి చెప్పు. చెప్పొచ్చినంక నన్ను పిలువు. అప్పటిదాంక నీ చాయ్ నాకద్దు."

చంకకర్ర చప్పుడు లైను చివరిదాకా వినిపించింది.

తర్వాతి ఆదివారం చర్చి గంట మోగుతుండగా బాపూ నేనూ రామగుండం స్టేషనులో ప్యాసింజరు బండి ఎక్కాం. నేనెందుకు అని అడిగాను. "నువ్వు లేకుంటె మందమర్రిలనే దిగి మళ్ళొస్త" అన్నాడు. బెల్లంపల్లిలో అడుగుతూ అడుగుతూ వెళ్తే, బజారు చివర రేకుల కప్పు కింద సైకిళ్ళు బాగుచేసే షాపు కనిపించింది. సాంబయ్య కాక ఒక చక్రాన్ని తలకిందులుగా పెట్టి తీగలు సరిచేస్తున్నాడు. ఆరేళ్ళలో జుట్టంతా నెరిసింది. బాపును చూసి చేతిలో చక్రాన్ని ఆపాడు, అంతే. కూర్చోమనలేదు.

బాపు నిలబడే చెప్పాడు. అది తెల్లటి తెంపే అని చెప్పాడు. మసి పూసింది తనే అని చెప్పాడు. చెప్పడం అయిపోయాక ఏం చేయాలో తెలియక చేతులు రెండూ జోడించాడు. సాంబయ్య కాక ఆ చేతుల వైపు చూడలేదు.

"నాకు ఎరుకే కదా అన్నా ఇదంత" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు నాకు కొత్తగ చెప్పేదేముంది? నువ్వే వచ్చి చెప్తవని మొదటి ఏడాది రోజు సూసిన. బండి వచ్చే టయానికి స్టేషన్ కాడికి పోయి నిలవడుతుంటి. రెండో ఏడు ఆదివారాలు సూసిన. తర్వాత సూసుడు బందువెట్టిన."

"సాంబా, ఏం చెయ్యాల్నో చెప్పు. ఏదైనా చేస్త."

"నాకు చెప్తె నాకేం వస్తది? నా మాట ఎవలు నమ్మలేదో, వాళ్ళకు చెప్పు. కాయితం మీద చెప్పు. ఏసోబు అబద్ధమాడడు అన్నరు చూడు, ఆ మంది ముంగట చెప్పు."

లోపలి నుంచి లచ్చవ్వ వచ్చి నాకు మంచినీళ్ళు ఇచ్చింది. బాపుకు ఇవ్వలేదు. నేను సగం తాగి గ్లాసు బాపుకు ఇద్దామనుకున్నాను. ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. ఎండలో నడిచి స్టేషనుకు వచ్చాం.

ఇంటికి వచ్చాక బాపు నాకు తెల్ల కాగితం ఇచ్చి రాయమన్నాడు. ఆయన చదవగలడు గానీ రాత అంతగా రాదు. మేనేజరు గారికి అని మొదలుపెట్టాను. ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. నాలుగు వరుసలు రాశానో లేదో అమ్మ వచ్చి కాగితం మీద అరచెయ్యి పరిచింది.

"నౌకరి పోతది. ఈ క్వార్టర్ పోతది. పిల్లను పట్టుకొని యాడికి పోదాం? తప్పు చేసినవ్, పోయి ఒప్పుకున్నవ్. ఇంక చాలదా?"

బాపు తల వంచుకున్నాడు. నేను కలం పట్టుకుని అట్లాగే ఉన్నాను. అమ్మ చెయ్యి తీయలేదు. కానీ కొంచెం సేపయ్యాక ఆమె మాట మారింది, మాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు.

"వాళ్ళది గూడ క్వార్టరే ఉండె. పోయిన్నాడు లచ్చవ్వ బిందెలు, బొగ్గు పొయ్యి లారీల ఎక్కిస్తుంటె నేను తొవ్వల నిలవడి సూసిన. పొయ్యి జారి పలిగింది. ఆమె ఆ పెంకలు గూడ ఏరుకుంది. అయ్యో అనుకున్న. అయ్యో అనుకొని ఇంట్లకు వచ్చిన."

చెయ్యి తీసింది. "రాయి బిడ్డా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఎంక్వైరీ పెట్టారు. బాపు నౌకరి పోలేదు, క్వార్టరూ పోలేదు. కానీ ఫిట్టరు పని నుంచి తీసి జనరల్ మజ్దూరుగా వేశారు. అంటే సామాను మోసే పని. ఇనుము మాట వింటుందని పేరున్న మనిషి, రిటైరయ్యేదాకా పదమూడేళ్ళు మళ్ళీ పానా పట్టలేదు. లైనులో కొందరు మాట్లాడటం మానేశారు. ఆరేళ్ళు నోరు మూసుకున్నోడు ఇప్పుడెందుకు తెరిచిండు అన్నవాళ్ళూ ఉన్నారు, అయిపోయినదాన్ని తవ్వుకుని ఆగమైండు అన్నవాళ్ళూ ఉన్నారు. చర్చిలో ఆయన లేచి నిలబడి అందరి ముందూ చెప్పాడు. పాస్టరుగారు ఆ ఆదివారమే ఆయన్ని బల్ల దగ్గరికి పిలిచారు, ఆయన పోలేదు. సాంబయ్యను మళ్ళీ డ్యూటీలోకి తీసుకునేదాకా ఏడాది పైన పట్టింది. ఆయన ఫిట్టరుగా మందమర్రిలో చేరాడని కబురు తెలిసిన తర్వాతి ఆదివారం బాపు బల్ల దగ్గరికి నడిచాడు. మల్లయ్య కాక మాత్రం అంత కాలం ఆగలేదు. కాయితం ఇచ్చిన సాయంత్రమే చంకకర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుని, "రాహేలు చెల్లే, చాయ్ పొయ్యి" అన్నాడు.

కారు సంగతి కూడా చెప్పాలి. విరిగిన బోల్టు మొండేనికి బాపు చేత్తో తిప్పే డ్రిల్లు తెప్పించి, నా చేతే మధ్యలో రంధ్రం వేయించాడు. అది వచ్చాక పదోది కూడా వచ్చింది. హెడ్డు లేపి చూస్తే లోపల పిస్టన్లు గోడలకు అతుక్కుపోయి ఉన్నాయి, సిలిండరు పగిలి ఉంది. అది నడిచేది కాదు, ఎన్నడూ నడవలేదు. ఇనుప సామాను కొనేవాళ్ళు వచ్చి లాక్కుపోయారు. అప్పటికి నాకు ట్రైనింగు సీటు వచ్చింది. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు సైన్సు చెప్పాను. గొట్టం పొడుగు పెరిగితే బలం పెరుగుతుందని చెప్పినప్పుడల్లా, ఆ బలం ఏం చేస్తుందో కూడా చెప్పాలనిపించేది. చెప్పలేకపోయేదాన్ని.

ఇప్పుడు నాకొక చిన్న కారు ఉంది. టైరు మార్చాలన్నా, ఇంజను ఆయిలు మార్చాలన్నా చౌరస్తా అవతలి షెడ్డుకు తీసుకుపోతాను. మెకానికు గాలి గన్ను పెడతాడు, బుర్రుమంటుంది, నిమిషం తిరక్కుండా బోల్టులన్నీ ఊడి వస్తాయి. తెగితే మారుస్తాడు. పాతవి డబ్బాలో పడేస్తాడు. మంచిదే, ఎవరి చెయ్యీ నొప్పి పుట్టదు. వారం వారం గాసునూనె దూది మార్చే ఓపిక ఇవాళ నాకే లేదు. మా లైనులో బొగ్గు పొయ్యిలు పోయి గ్యాసు వచ్చి ఎన్నేళ్ళయిందో, పొద్దున పొగ లేని వాకిళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూస్తూనే ఉన్నాను. ఆ రోజులు మంచివి, ఈ రోజులు చెడ్డవి అనను. ఆ రోజుల్లోనే మా బాపు ఆ అబద్ధం ఆడాడు. ఆ అబద్ధాన్ని ఆయన ఒక్క మాటలో ఆడాడు, ఇప్పడానికి మాత్రం మిగిలిన బతుకంతా పట్టింది. ఆ ఇప్పడం చూడటం నా అదృష్టమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బాపు రిటైరైన నాలుగేళ్ళకు ఊపిరితిత్తుల జబ్బుతో కంపెనీ దవాఖానలో పోయాడు. ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. మధ్యాహ్నం ఒక ముసలాయన గేటు తీసుకుని వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, శవం తల దగ్గర నిలబడ్డాడు. సాంబయ్య కాకను నేను పోల్చుకునేలోపే అమ్మ పోల్చుకుంది. ఆయన దండం పెట్టలేదు, ఏడవలేదు. సమాధుల తోట దాకా నడిచి వచ్చాడు, అందరి తర్వాత ఒక పిడికెడు మట్టి వేశాడు. నేను బస్టాండు దాకా ఆయన వెంట నడిచాను. ఏదో ఒకటి అనాలని, మా బాపును మన్నించినవా కాకా అని అడిగేశాను. అడగకూడదని అడిగాక తెలిసింది.

ఆయన ఆగాడు. బెల్లంపల్లి బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"లేదు బిడ్డా" అన్నాడు. "నా పిల్లలు ఏడేండ్లు ఏం తిన్నరో, ఏం తినలేదో నాకు ఎరుక. అది పోదు. మీ బాపు మీద కోపం నాతోనే కాటికి వస్తది. కని తన పేరును తానే మంది ముంగట నేలకు కొట్టుకున్నోన్ని, నా జిందగిల ఇంకొకన్ని సూడలే. గందుకు వచ్చిన. రెండు ఉన్నయ్ నా దగ్గర. ఒకటి ఉన్నదని ఇంకోటి అబద్ధం కాదు."

కండక్టరు కేక వేశాడు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, తీసి, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.